దక్షిణ ఒడిశా తెలుగువారిపై పరిశోధన: ఎవరు తెలుగువారు అని అడిగే ముందు చేయవలసిన పని

పర్లాకిమిడిలో పుట్టి పెరిగి, తెలుగులో ఎం.ఏ. ముగించి, దక్షిణ ఒడిశా తెలుగువారి అస్తిత్వం మీద పిహెచ్.డి. చేయాలనుకుంటున్న మీరు మూడు ప్రశ్నలు వేశారు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఎవరిని తెలుగువారిగా లెక్కించాలన్నది మొదటిది. అక్కడ తెలుగు తగ్గిపోతున్నదని చూపడానికి ఎలాంటి ప్రశ్నావళి తయారు చేసుకోవాలన్నది రెండోది. సొంత ఊరి మీద పరిశోధన చేస్తే నిష్పాక్షికత లేదని పరీక్షకులు ఆక్షేపిస్తారా అన్నది మూడోది. బరంపురంలో ఉంటూ ఈ ప్రాంతపు భాషా సమాజాల మీదే చాలాకాలంగా పనిచేస్తున్నవాడిని కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ముందే చెబుతాను. మీ మొదటి ప్రశ్న పరిశోధన చివర్లో రావలసినది. దానితోనే మొదలుపెడితే ఆ పరిశోధన ప్రభుత్వం గీసిన గళ్లలోనే తిరుగుతుంది, ఎందుకంటే ఆ ప్రశ్నకు సిద్ధంగా దొరికే జవాబులన్నీ జనాభా లెక్కల నుంచో, సరిహద్దు సంఘాల నివేదికల నుంచో, అల్పసంఖ్యాక వర్గాల జాబితాల నుంచో వచ్చినవే. దానికి బదులు ఒక మనిషి పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఎవరితో, ఎక్కడ, ఏ పని మీద, ఏ భాషలో మాట్లాడుతున్నాడో ముందు నమోదు చేయండి. భాషా శాస్త్రవేత్త జాషువా ఫిష్మన్ 1965లో భాషా సమాజ శాస్త్రం ముందు పెట్టిన ప్రశ్న సరిగ్గా ఇదే. ఆ నమోదు చేతికి వచ్చాక, అదే మనిషి తనను తాను ఏమని చెప్పుకుంటున్నాడో, ఎవరి ముందు అలా చెప్పుకుంటున్నాడో దాని పక్కన పెట్టి చూడండి. ఈ రెండూ కలిసే చోటా, విడిపోయే చోటా మీ సిద్ధాంత గ్రంథం ఉంది.

జనాభా లెక్కలను తీసుకుందాం. 2011 లెక్కల ప్రకారం ఒడిశాలో తెలుగు మాతృభాషగా నమోదైనవారు సుమారు 6.67 లక్షలు, రాష్ట్ర జనాభాలో దాదాపు 1.6 శాతం. ఈ అంకె మీ గ్రంథంలో ఉండి తీరాలి. అయితే అది ఎలా తయారైందో రాయకుండా దాన్ని వాడవద్దు. ఆ సంవత్సరం దేశమంతటా ప్రజలు తమ మాతృభాషలని చెప్పిన పేర్లు 19,569. పరిశీలన, సవరణల తర్వాత అవి 1,369 మాతృభాషలుగా తేలాయి. వాటిని మళ్లీ, పదివేల మందికి పైగా మాట్లాడేవారున్న 121 భాషల కింద సర్దారు. ఈ సర్దుబాటులో వడ్డెరలు మాట్లాడే వడరి, తెలుగు కిందికి వచ్చింది; రెల్లి కులంవారు మాట్లాడే రెల్లి, ఒడియా కిందికి వెళ్లింది. బరంపురంలో, పర్లాకిమిడిలో, శ్రీకాకుళంలో రెల్లివారి వాడలు తెలిసినవారికి ఈ రెండో సర్దుబాటు మన ప్రాంతానికి ఎంత ముఖ్యమో వెంటనే అర్థమవుతుంది. ఇంట్లో రెల్లి, పనిచోట తెలుగు, కార్యాలయంలో ఒడియా మాట్లాడే కుటుంబం, తన మాతృభాష రెల్లి అని నిజమే చెప్పినా, చివరి పట్టికలో ఒడియా కుటుంబంగా కనిపిస్తుంది. ఆ ఇంటి పిల్లలు రోజుకు ఎంతసేపు తెలుగు మాట్లాడుతున్నారన్న సంగతి అక్కడ కనిపించదు.

కనుక మాతృభాషలను చూపే సి-16 పట్టికతో ఆగకుండా, రెండో భాష, మూడో భాష తెలిసినవారిని చూపే సి-17 పట్టికను కూడా దగ్గర పెట్టుకోండి. తెలుగువారిలో ఒడియా తెలిసినవారెందరో చూసి ఊరుకోవద్దు, ఒడియావారిలో తెలుగు తెలిసినవారెందరో కూడా చూడండి. ఈ రెండో వైపు మన పరిశోధనల్లో దాదాపుగా ఎవరూ పట్టించుకోలేదన్నది నా ఫిర్యాదు. సరిహద్దు సమాజంలో ఒక భాష బలం, దాన్ని మాతృభాషగా చెప్పుకునేవారి సంఖ్యలో ఎంత ఉంటుందో, అవసరానికి దాన్ని నేర్చుకునే ఇతరుల సంఖ్యలోనూ అంతే ఉంటుంది.

ఇక లెక్కింపుకు ఉన్న చరిత్ర. మన జిల్లాల్లో భాష అడగడమంటే ఎన్నడూ ఉత్త సమాచార సేకరణ కాదు. ఉత్తర సర్కారుల్లో భాగంగా 18వ శతాబ్దిలో ఇంగ్లీషువారి చేతికి వచ్చిన గంజాం, 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఒడియా మాట్లాడే ప్రాంతాలన్నీ ఒకే పాలన కిందికి రావాలని 1903లో మధుసూదన్ దాస్ నాయకత్వాన ఉత్కళ సమ్మిళని పూనుకున్నప్పటి నుంచి, గంజాంలో ఎవరిది ఏ భాష అన్నది భూభాగపు ప్రశ్న అయింది. 1924లో ఫిలిప్, డఫ్ అనే ఇద్దరు అధికారులు వచ్చి ఇక్కడి ఒడియావారి అభిప్రాయం విచారించారు. 1931లో సామ్యూల్ ఓడొనెల్ అధ్యక్షతన సరిహద్దు సంఘం ఏర్పడింది. 1933 నాటి బ్రిటిష్ ప్రభుత్వ శ్వేతపత్రంలో పర్లాకిమిడి గానీ జయపురం జమీందారీ గానీ కొత్త రాష్ట్రంలో లేవు. మరుసటి ఏడు బ్రిటిష్ సంయుక్త పార్లమెంటరీ సంఘం జయపురాన్నీ, పర్లాకిమిడి జమీందారీలో కొంత భాగాన్నీ చేర్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. పట్టణం ఒక రాష్ట్రంలోకి, దాని జమీందారీ గ్రామాలెన్నో మరో రాష్ట్రంలోకి వెళ్లాయి. ఒడిశా కోసం రౌండ్ టేబుల్ సమావేశంలో వాదించిన పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి 1937లో ఆ రాష్ట్రానికి తొలి ప్రధాని అయ్యారు. అదే పర్లాకిమిడిలో జీవితమంతా బోధించిన గిడుగు వెంకట రామమూర్తి, పట్టణాన్ని ఒడిశాలో కలపడాన్ని ఎదిరించి, 1936లో ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు.

ఈ కథను మనవాళ్లు సాధారణంగా పోగొట్టుకున్నదాని కథగా రాస్తారు. అవతలివారు సాధించుకున్నదాని కథగా రాస్తారు. పరిశోధకుడిగా మీరు చేయవలసిన పని వేరే ఉంది. ఆ ముప్ఫై మూడేళ్లలో రెండు పక్షాలూ పంపిన వినతిపత్రాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవండి. ఎవరు ఎవరిని తమవారిగా చెప్పుకున్నారు, ఏ ఆధారంతో? ఒకచోట ఇంటి భాష ఆధారం, ఒకచోట కులం, ఇంకొకచోట చదువుకున్న లిపి, మరొకచోట దేవాలయం. ఆధారం మారితే అదే కుటుంబం ఇటు నుంచి అటు మారుతుంది. కళింగ కోమట్లు, కరణాలు, దేవాంగులు, జాలరులు, ఇలా ఒక్కొక్క సమాజాన్ని ఆ పత్రాల్లో ఎవరెవరు ఎలా వర్ణించారో చూస్తే, అస్తిత్వం అనేది ఒకరు తమ గురించి చెప్పుకునేదీ ఇతరులు వారి గురించి చెప్పేదీ కలిసి ఏర్పడుతుందన్న సంగతి మీకు సిద్ధాంత పుస్తకాల అవసరం లేకుండానే తెలుస్తుంది. సిద్ధాంతం కావాలంటే, ఒక సమూహాన్ని నిలబెట్టేది దాని లోపలి ఆచారాల మొత్తం కంటే ఇరుగుపొరుగు సమూహాలతో అది పాటించే హద్దు అని 1969లో మానవ శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ బార్త్ చేసిన ప్రతిపాదనను మన జిల్లాలకు అన్వయించి పరీక్షించవచ్చు.

ఆ పత్రాల్లో ఒక పెద్ద మౌనం కూడా ఉంది. తెలుగు, ఒడియా అన్న వాదంలో పర్లాకిమిడి కొండల్లోని సవర గిరిజనులకు తమ గొంతు లేదు. వారు ఎటు చేరితే అటువైపు అంకె పెరుగుతుంది గనుక వారిని ఇరువైపుల వారూ లెక్కలోకి తెచ్చుకున్నారు గానీ, వారి భాష తెలుగు, ఒడియాలు రెండింటికీ వేరైన ముండా కుటుంబానికి చెందిందన్న విషయం సరిహద్దు గీతకు ఎక్కడా ఆధారం కాలేదు. విశేషమేమిటంటే, ఒడిశా ఏర్పడిన 1936లోనే మంగేయ్ గొమాంగో సవర భాషకు సొరా సోంపెంగ్ అనే ప్రత్యేక లిపిని రూపొందించారు. రెండు పెద్ద లిపుల మధ్య గీత పడుతున్న ఏడాదే, మూడో సమాజం తన అక్షరాలను తాను రాసుకుని, వాటిని ఆరాధ్యంగా భావించింది. మీ గ్రంథంలో సవరలకు ఒక అధ్యాయం లేకపోయినా ఫరవాలేదు, కానీ వారు లేరన్నట్లు మాత్రం రాయవద్దు. కొరాపుట్ జిల్లా పొట్టంగి దగ్గరి కొటియా గ్రామాల సంగతి కూడా అలాంటిదే. ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లు రెండూ తమవేనంటున్న ఆ 21 గ్రామాల గురించి పత్రికలు రెండు రాష్ట్రాల తగవుగా రాస్తాయి. అక్కడ ఉండేవారిలో ఎక్కువమంది కొండ్ గిరిజనులన్న సంగతి వార్తలో చివరి వాక్యంగా కూడా రాదు.

గిడుగువారి పేరు వచ్చింది కాబట్టి పద్ధతి గురించి ఆయన దగ్గర నేర్చుకోవలసినది చెప్పాలి. ఆగస్టు 29న మనం ఆయనను వ్యావహారిక భాషా ఉద్యమకారుడిగా తలచుకుంటాం. క్షేత్ర పరిశోధకుడిగా ఆయన అంతకంటే తక్కువవాడు కాదని నా గట్టి నమ్మకం. ఆయన సవరలను ఇంటికి పిలిపించుకుని, కొండల్లో వారి ఊళ్లకు వెళ్లి, జ్వరాలపాలై, వినికిడి దెబ్బతినే దాకా పనిచేసి, సవర భాషను విని నేర్చుకున్నారు. 1931లో వెలువడిన ఆయన సవర వ్యాకరణం, ఆ తర్వాతి నిఘంటువు, దశాబ్దాల తరబడి చెవి ఒగ్గి విన్నందువల్ల వచ్చాయి. తెలుగు విషయంలో గ్రంథాల్లో ఉన్నది వేరు, జనం పలికేది వేరు అని ఆయన అంత నిశ్చయంగా వాదించగలగడానికి, రాత సంప్రదాయం లేని ఒక భాషను ఏళ్ల తరబడి విన్న ఆ అనుభవం కూడా కారణమని నేను అనుకుంటాను. మీరు పర్లాకిమిడి వారు. మీ పరిశోధనకు ఇంతకంటే దగ్గరి ఆదర్శం అక్కరలేదు.

మీకు అనుకూలమైన మరో విషయం ఉంది, దాన్ని పీఠికలోనే గట్టిగా చెప్పుకోవాలి. మన జిల్లాల తెలుగు రెండు పెద్ద సర్వేలనుంచీ జారిపోయింది. బ్రిటిష్ కాలంలో గ్రియర్సన్ నడిపిన భారత భాషా సర్వే మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించలేదు. అందువల్ల అందులో తెలుగు మాండలికాలుగా కనిపించే కామాఠీ, సాలేవారి, గోలారి, వడరి, దాసరి వంటివన్నీ బొంబాయి, మధ్య పరగణాల వైపు నుంచి వచ్చినవే. అప్పుడు మద్రాసులో ఉన్నందువల్ల గంజాం తెలుగు అందులోకి రాలేదు. తర్వాత భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో మొదలై 1962లో వ్యవసాయ పదాలతో తొలి సంపుటం వెలువడిన మాండలిక వృత్తిపదకోశం ఆంధ్రప్రదేశ్ జిల్లాల పరిధిలో జరిగింది. అప్పటికి ఒడిశాలో ఉన్నందువల్ల గంజాం తెలుగు అందులోకీ రాలేదు. అంటే గోపాలపురం జాలరుల వలల పేర్లు, బరంపురం దేవాంగుల మగ్గం పనిముట్ల పేర్లు, గునుపురం సంతలో కొలతల పేర్లు క్రమబద్ధంగా సేకరించే పని ఇంకా మిగిలే ఉంది.

ఇప్పుడు రెండో ప్రశ్న. తెలుగు తగ్గిపోతున్నదని చూపడానికి ప్రశ్నావళి ఎలా ఉండాలని అడిగారు. ఫలితాన్ని ముందే నిర్ణయించుకున్న ప్రశ్నావళి వద్దు. మీరు నమూనాగా పంపిన ప్రశ్నల్లో మొదటిది మీ మాతృభాష ఏమిటి అని, రెండోది మీ పిల్లలు తెలుగు మాట్లాడతారా అని. ఈ రెండింటికీ వచ్చే జవాబు, అడుగుతున్న మీ ముఖం చూసి వచ్చే జవాబు. తెలుగు ఎం.ఏ. చదివిన వ్యక్తి తెలుగులో అడుగుతుంటే, పెద్దలు మాట్లాడతారనే అంటారు. అదే ప్రశ్నను ఒడియా పాఠశాల ఉపాధ్యాయుడు అడిగితే వేరే జవాబు వస్తుంది. రెండూ అబద్ధాలు కావు. ఎవరి ముందు ఏది చెప్పుకోవడం మర్యాదో, లాభమో, క్షేమమో ఆ జవాబులు చెబుతాయి. కాబట్టి ఒకే వాడలో తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి, ఇద్దరు వేర్వేరు సహాయకుల చేత అడిగించి, జవాబుల్లో వచ్చే తేడానే ఒక ఫలితంగా తీసుకోండి.

అసలు ఆధారం మాత్రం మీరు విన్నదీ చూసినదీ కావాలి. ఇందుకు నేను రెండు సమాజాలను ఉదాహరణగా చెబుతాను.

మొదటిది సముద్రతీరం. గోపాలపురం నుంచి ఛత్రపురం తీరం మీదుగా పూరీ దాకా సముద్రపు వేట చేసేవారిలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే జాలరులు, వాడబలిజలు. ఒడియావారు వీరిని నోలియాలంటారు. పడవ మీద, వల దగ్గర, గాలి నీరు చూసే వేళ మాట తెలుగు. ఒడ్డున చేపల బేరం, పడవ లైసెన్సు, రేషను, ఆసుపత్రి ఒడియా. రుషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ల రక్షణ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల యాంత్రిక వేట మీద నిషేధం ఉంటుంది. ఆ నెలల్లో వలస వెళ్లే మగవారు ఏ రేవుకు, ఏ భాషా ప్రాంతానికి వెళుతున్నారో, ఇంటి దగ్గర మిగిలిన ఆడవారు ఏ భాషలో వ్యవహారం నడుపుతున్నారో చూడండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. అంతటి ఆపదలో హెచ్చరిక ఏ భాషలో చేరింది, దాన్ని ఎవరు ఎవరికి ఏ మాటల్లో అందించారు, పునరావాసపు కాగితాలు ఏ భాషలో నింపారు అన్నది భాషా సమాజ శాస్త్రానికి నేరుగా సంబంధించిన ప్రశ్న. అప్పటి సంగతులు చెప్పగల వయసువారు ఇంకా ఉన్నారు. వాటిని ఇప్పుడే నమోదు చేయాలి.

రెండోది బరంపురం పట్టు మగ్గాల వీధులు. కుంభం అంచు పట్టుచీరలు నేసే దేవాంగులను ఇక్కడ డేరా అంటారు. వారి పూర్వీకులు గోదావరి వైపు నుంచి ఈ ప్రాంతాన్ని ఏలిన మహురి రాజుల ఆహ్వానం మీద వచ్చారని సంప్రదాయం. ఇంటి మాట తెలుగు. అయినా బరంపురం పట్టణమంతటికీ, అంటే ఒడియావారికీ తెలుగువారికీ ఇతరులకూ ఉమ్మడి దేవత అయిన బూఢీ ఠాకురాణి యాత్రలో పుట్టింటివారి స్థానం వీరిదే. రెండేళ్లకోసారి చైత్రంలో అమ్మవారు తన గుడి విడిచి దేశిబెహెరా వీధికి, తండ్రి ఇంటికి వస్తుంది. ఆ కులపెద్ద దేశిబెహెరాయే తండ్రి హోదాలో ఆమెను తీసుకువస్తాడు. ఇంట్లో తెలుగు మాట్లాడే నేతగాళ్లు ఊరి అతిపెద్ద ఉత్సవానికి కేంద్రంలో ఉన్నారు. వీరిని అల్పసంఖ్యాకులని లెక్కకట్టే పట్టికకు ఈ స్థానం అందదు, ఒడియాలో కలిసిపోతున్నారన్న వాక్యానికీ అందదు. యాత్ర నెల రోజులూ అక్కడ ఉండి, పూజలో, వేషాల్లో, చందాల పద్దులో, తగవు తీర్చేచోట ఏ భాష వినిపిస్తుందో రాసుకోండి. ఈ ఒక్క అంశం మీదే మంచి గ్రంథం రాయవచ్చని నా అభిప్రాయం. మీరు మూడు జిల్లాలనూ పట్టుకోకుండా ఇలాంటి ఒక్క చోటును పట్టుకుంటే నేను ఎక్కువ సంతోషిస్తాను.

ఇలాంటి అధ్యయనానికి మన దేశంలోనే గొప్ప నమూనా ఉంది. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా కుప్వాడ్ గ్రామం మీద భాషా శాస్త్రవేత్తలు జాన్ గంపర్జ్, రాబర్ట్ విల్సన్ 1971లో ప్రచురించిన పరిశోధనలో కన్నడం, ఉర్దూ, మరాఠీలతో పాటు తెలుగు కూడా ఉంది. తరాల తరబడి రోజూ ఒకరి భాష ఒకరు మాట్లాడడం వల్ల ఆ భాషల వాక్య నిర్మాణాలు దాదాపు ఒకే అచ్చులోకి వచ్చాయని, అయినా మాటలు మాత్రం ఏ ఇంటివి ఆ ఇంట్లో వేరుగానే నిలిచాయని వారు చూపారు. ఇంటి భాష కులానికీ కుటుంబానికీ గుర్తు కావడం వల్ల మాటలు మిగిలాయి, పొలంలో బజారులో కలిసి బతకవలసి రావడం వల్ల నిర్మాణాలు కలిశాయి. మన బరంపురం తెలుగులో, పర్లాకిమిడి తెలుగులో ఇదే జరిగిందా, లేక మాటలు కలిసిపోయి నిర్మాణం నిలిచిందా అన్నది ఎవరూ గట్టిగా తేల్చలేదు. అరగంట సహజ సంభాషణలు, మూడు తరాల నుంచి, రెండు భాషల్లోనూ రికార్డు చేస్తే దీనికి జవాబు దొరకడం మొదలవుతుంది.

పెళ్లి సంబంధాలను తప్పకుండా చూడండి. మేనరికం తెలుగు కులాల్లో మామూలు విషయం, ఒడియా కులాల్లో సాధారణంగా ఒప్పుకోరు. కోడలు ఏ వైపు నుంచి వస్తున్నదన్నది తర్వాతి తరం భాషను నిర్ణయిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కోడళ్లు వస్తున్నంతకాలం ఇంట్లో తెలుగు ఒక్కో తరానికీ కొత్తగా వచ్చి చేరుతుంది. సంబంధాలు ఒడిశాలోపలే కుదరడం మొదలైతే పరిస్థితి మారుతుంది. ఆస్ట్రియాలోని ఓబర్‌వార్ట్‌లో హంగేరియన్ నుంచి జర్మన్‌కు జరిగిన మార్పులో, రైతు ఇళ్లకు కోడళ్లుగా వెళ్లడానికి ఇష్టపడని అమ్మాయిలు ముందు నడిచారని సూసన్ గాల్ 1979లో చూపింది. మన దగ్గర కోడళ్లు భాషను నిలబెడుతున్నారో మారుస్తున్నారో, పెళ్లిళ్ల వివరాలు మూడు తరాలకు సేకరించి చూడండి. ఇందుకోసం ఆడవారితో ఆడవారే మాట్లాడాలి. మీరు మగవారైతే సహాయకురాలు తప్పనిసరి.

బడి విషయంలో మన చర్చలన్నీ ఆవేశంగా సాగుతాయి, ఆధారాలు తక్కువ. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు రాజ్యాంగం 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ పదవికి 350-బి అధికరణం ఉన్నాయి. రెండూ 1956లో ఏడో సవరణతో వచ్చినవే. అంతకు ముందే 1949లో విద్యామంత్రుల సమావేశం, తరగతికి 10 మంది లేదా బడికి 40 మంది పిల్లలుంటే ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుణ్ణి నియమించాలని తీర్మానించింది. కమిషనర్ వార్షిక నివేదికల్లో ఒడిశా అధ్యాయాలను ఏడాది తర్వాత ఏడాదిగా చదివితే, బడుల సంఖ్యలో, ఉపాధ్యాయుల ఖాళీల్లో, పుస్తకాల సరఫరాలో వచ్చిన మార్పు మీకు కనిపిస్తుంది. అయితే తెలుగు బడి తగ్గడం వేరు, తెలుగు మాట తగ్గడం వేరు. మన పిల్లల్లో తెలుగు ధారాళంగా మాట్లాడుతూ తెలుగు చదవలేనివారు చాలామంది. ఒడియా అక్షరాలు వచ్చినవారు తెలుగు పాటను ఒడియా లిపిలో రాసుకుంటారు. వీరిని తెలుగు పోగొట్టుకున్నవారి కింద వేయడం అన్యాయం. మాట, చదువు, రాత మూడింటినీ వేర్వేరు వరుసల్లో నమోదు చేయండి. ఉద్యోగానికి ఒడియా తప్పనిసరి అయిన చోట తల్లిదండ్రులు చేసే ఎంపికను తప్పుగా చూడవద్దు, దాని లెక్క ఏమిటో వారినే అడగండి.

పోలిక లేకుండా ఇవేవీ నిలబడవు. పర్లాకిమిడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, రాష్ట్ర సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్‌లో పాతపట్నం ఉంది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి, తర్వాత గునుపురం దాకా వేసిన రైలుమార్గం ఈనాటికీ ఈ ఊళ్లను కలుపుతూనే ఉంది. అదే కులం, అదే వృత్తి, అదే మేనరికపు బంధుత్వాలు ఉన్న కుటుంబాలు గీతకు రెండువైపులా దొరుకుతాయి. మారినది రాష్ట్రం ఒక్కటే గనుక, రాజ్యం చేసిన మార్పును విడిగా చూడడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు దొరకదు. అలాగే ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపు ఒడియా మాట్లాడే కుటుంబాలను కొన్నింటినైనా కలవండి. ఇక్కడ మనవారు ఎదుర్కొంటున్నదాన్ని అక్కడ వారు ఆంధ్రప్రదేశ్‌లో ఎదుర్కొంటున్నారు. మనవారి కష్టం ఒక్కటే రాసి వారిది వదిలేస్తే అది వాదన అవుతుంది, పరిశోధన కాదు.

పత్రాల కోసం భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర ఆర్కైవ్స్‌తో పాటు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లక తప్పదు, 1936కు ముందు గంజాం దస్త్రాలు మద్రాసు ప్రభుత్వానివి కాబట్టి. మాల్ట్‌బీ 1882లో సంకలనం చేసిన గంజాం జిల్లా మాన్యువల్‌ను మొదట చదవండి. థర్‌స్టన్, రంగాచారిల 1909 నాటి కులాల సంపుటాలను మాత్రం సమాచారంగా తీసుకోకండి, ఆ కాలపు అధికారులు ఎలా చూశారో తెలిపే పత్రంగా చదవండి. పాత శాసనాలు కావాలంటే ముఖలింగం, సింహాచలం ఉన్నాయి. సింహాచలం గోడల మీద తెలుగుతో పాటు ఒడియా శాసనాలు కూడా ఉన్నాయన్నది ఈ ప్రాంతంలో రెండు భాషల సహవాసం ఎంత పాతదో చెప్పడానికి చాలు. అంతకంటే లోతు మీ అంశానికి అవసరం లేదు.

ఇక మూడో ప్రశ్న. సొంత ఊరి పరిశోధనను ఆక్షేపించేవారు ఉంటారు. వారికి జవాబు వాదనలో లేదు, మీ నోటు పుస్తకంలో ఉండాలి. మీ కులం, వీధి, బంధుత్వం వల్ల ఏ తలుపులు తెరుచుకున్నాయో, ఏవి మూసుకున్నాయో మొదటి అధ్యాయంలోనే రాయండి. రెల్లి వాడకు మీరు వెళితే వారు మీతో మాట్లాడే తెలుగు, వారిలో వారు మాట్లాడుకునే తెలుగు ఒకటి కాదని గుర్తించండి. రికార్డు చేసే ముందు అనుమతి అడగడం, పేర్లు మార్చడం, చిన్న ఊరిలో పేరు మార్చినా మనిషి తెలిసిపోయే వివరాలను తీసివేయడం తప్పనిసరి. ముఖ్యంగా రేషను కార్డు, కుల ధ్రువపత్రం, ఓటు ఏ వైపు ఉందన్న సంగతులను పేరుతో గానీ ఊరితో గానీ కలిపి ఎక్కడా అచ్చు వేయవద్దు. ఈ సరిహద్దులో అవి మనుషుల బతుకుతెరువును తాకే వివరాలు.

చివరగా పిహెచ్.డి.కి పేరు నమోదు చేసుకోవడానికి సంబంధించిన సంగతి. గ్రంథం తెలుగులో రాస్తున్నా, ఒడియా శాఖ నుంచి ఒక సహ మార్గదర్శకుణ్ణి అడిగి తీసుకోండి. ఒడియా వినతిపత్రాలను, ఒడియా సంభాషణలను మీరు అర్థం చేసుకున్న తీరును సరిచూసే మనిషి మొదటి నుంచీ ఉండాలి. శీర్షికలో మూడు జిల్లాలను తీసివేసి ఒక వీధినో, ఒక రేవునో, పర్లాకిమిడి, పాతపట్నం జంటనో పెట్టండి. మొదటి ఆరు నెలల్లో ప్రశ్నావళి బయటికి తీయకుండా, పది కుటుంబాల రోజువారీ మాటల నమోదు మాత్రం చేసి, దాన్ని నాకు పంపితే చూసి రాస్తాను. ఎవరిని తెలుగువారిగా లెక్కించాలో అప్పుడు ఆ నమోదును ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.